జానెడు చెక్క

కిటికీ ఎందుకూ అని ఎవరినైనా అడిగి చూడండి. గాలికీ వెలుతురుకీ అంటారు. కాస్త చమత్కారంగా మాట్లాడేవాళ్లయితే ఎదురింటి సంగతులు తెలుసుకోవడానికీ అంటారు. కిటికీకి లోపలివైపు ఉండే గట్టు మాట మాత్రం ఒక్కరూ ఎత్తరు. నన్నడిగితే మన ఆడవాళ్ల కాపరాల్లో సగం ఆ గట్టు మీదే జరిగిపోయాయి. పిన్నీసులూ, దువ్వెన్నా, సగం కుట్టిన జాకెట్టూ, లైబ్రరీ నవలా, ఇంకా జవాబు రాయని ఉత్తరమూ, పిల్లాడికి పట్టాల్సిన వామునీళ్ల గ్లాసూ… అన్నీ అక్కడే. ఇంట్లో మగవాళ్లకి బల్లా, సొరుగూ, దానికో తాళంచెవీ ఉండేవి. ఆడవాళ్లకి కిటికీ గట్టు ఉండేది. తాళం లేకపోయినా దాన్నెవరూ కదిపేవారు కాదు.

ఆ గట్టు ఎవరో ముచ్చటపడి కట్టించింది కాదు సుమండీ! గోడ మందంలోంచి దానంతటదే వచ్చింది. మట్టితోనో సున్నంతోనో కట్టిన ఇళ్లల్లో దూలాల బరువూ పెంకుల బరువూ గోడలే మొయ్యాలి. అందుకని గోడ మూరెడు ఉండేది, అంటే 18 అంగుళాలు. కొన్ని లోగిళ్లలో అంతకన్నా ఎక్కువే. కిటికీ చట్రాన్ని వీధివైపుకి జరిపి బిగిస్తే లోపల అడుగు పైచిలుకు గట్టు ఊరికే మిగిలేది. తర్వాత కాంక్రీటు స్తంభాలొచ్చి ఆ బరువంతా తమ నెత్తిన వేసుకున్నాయి. గోడకి పనిలేకుండా పోయింది. పనిలేనివాళ్లకి మనం ఇంట్లో ఎంత చోటిస్తామో దానికీ అంతే ఇచ్చాం. బయటిగోడ జానెడైంది, 9 అంగుళాలు. గదికీ గదికీ మధ్యది నాలుగున్నర. ఇప్పుడు సిమెంటు ఇటుకలొచ్చాక బయటిగోడే 6 అంగుళాలకి దిగిన అపార్టుమెంట్లున్నాయి. చదరపుటడుగు లెక్కన వేలు పోసి కొనుక్కునే చోట గోడకి మూరెడు ఎవరిస్తారు లెండి!

మా అత్తయ్యగారు తెనాలి దగ్గర పల్లెటూళ్లో అలాంటి మూరెడు గోడల ఇంట్లో 56 ఏళ్లు కాపరం చేశారు. మామయ్యగారు పోయాక రెండేళ్లు ఒక్కరే ఉన్నారు. పోయిన వానాకాలం వంటింటి వైపు కప్పు కుంగిపోయింది. బాగుచేయించడానికి అయ్యే ఖర్చు విని మావారూ మరిదీ మొహామొహాలు చూసుకున్నారు. ఇల్లు అమ్మేశాం. సంక్రాంతి వెళ్లాక ఆవిణ్ణి హైదరాబాదు తీసుకొచ్చాం. మాది పాతికేళ్ల కిందట కట్టిన ఫ్లాటు, మూడో అంతస్తు. తూర్పు కిటికీ ఉన్న గది ఆవిడకిచ్చాం. మంచం, పరుపు, ఫాను, గోడకి టీవీ. ఊళ్లోవాళ్లు ఫోను చేసి, “నీకేం వదినా, కొడుకు దగ్గర రాణీలా ఉన్నావు!” అన్నారు.

రాణీగారు వెంట తెచ్చుకున్న నీలంరంగు జిప్పుసంచీ మంచం కింద ఉండేది. మందుబిళ్ల దాంట్లోంచి తీసి, వేసుకుని, అట్టముక్కని మళ్లీ దాంట్లోనే పెట్టి జిప్పు లాగేవారు. కళ్లజోడూ అంతే, దువ్వెన్నా అంతే, విభూతి బరిణె అంతే. రైల్లో వెళ్లేవాళ్లు సామాను ఎదురుగా పెట్టుకున్నట్టు! బీరువాలో ఒక అర ఖాళీచేసి చూపించాను. “ఎందుకులే అమ్మాయ్, ఉన్నవి నాలుగు చీరలు” అన్నారు. మావారు మంచం పక్కకి టీపాయి కొనుక్కొచ్చారు. రాత్రిపూట లేచినప్పుడు కాలికి అడ్డం తగులుతోందని మర్నాడే తీయించేశారు. కళ్లజోడు పక్కమీద పెట్టుకుని ఒత్తిగిలడంలో రెండుసార్లు విరిగింది. వాళ్ల చెల్లెలి కొడుకు ఊళ్లోనే ఉంటాడు. అతను ఫోను చేసినప్పుడల్లా, “దసరాకి వచ్చేస్తాలేరా, మీ వసారాలో నాకో మంచం చాలు” అనేవారు. ఆ మాట మాకు వినపడాలని అనేవారో, వినపడదనుకుని అనేవారో తెలీదు. మావారు మాత్రం విన్నప్పుడల్లా పేపరు మడతపెట్టి లేచిపోయేవారు.

మే నెలలో ఒకనాటి పొద్దున ఆవిడ కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగుతున్నారు. సగం తాగి, చూడకుండానే గ్లాసు పక్కన పెట్టబోయారు. ఆ చెయ్యి 56 ఏళ్ల అలవాటుతో వెళ్లింది. అక్కడున్నదేమో ఆరంగుళాల సిమెంటు పట్టీ. అదీ గదిలోకి వాలిపోయి, వానకి నాని పెచ్చులూడి ఉంది. గ్లాసు ఒరిగింది. పట్టుకున్నారు గాని సగం కాఫీ గోడపాలైంది.

“మీ ఇళ్లల్లో చెయ్యి పెట్టుకోడానికే చోటుండదే అమ్మాయ్!” అని నవ్వారు.

నేనూ నవ్వాను. కానీ ఆ “మీ ఇళ్లు” అన్నమాట రోజంతా నన్ను పట్టుకుని వదల్లేదు.

పనివాళ్లనే పిలిచాను ముందు. ఒకాయన వచ్చి కిటికీ చూసి, “ఒక్కటేనా అమ్మా? ఇల్లంతా చేయించుకునేటప్పుడు చెప్పండి” అన్నాడు. రెండో ఆయన శనివారం వస్తానన్నాడు, ఏ శనివారమో చెప్పలేదు. మూడో ఆయన గ్రానైటు రాయి పరిచెయ్యమన్నాడు. రాయి చెడ్డదని నేననను. వంటింటి కిటికీకి కడప బండని మించింది లేదు, నీళ్లు పడ్డా నూనె పడ్డా ఒక్క తుడుపుతో పోతుంది. కానీ 78 ఏళ్ల మనిషి తెల్లవారుజామున మోచెయ్యి ఆనించుకుని కూచోడానికి రాయేమిటండీ? చెయ్యి జారి కళ్లజోడు పడితే అద్దం దక్కుతుందా?

అప్పుడు గుర్తొచ్చింది మా ఆడపడుచు. ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ కిటికీ లోపలిగట్టు మీద చెక్క వెయ్యడం మామూలే. విండో బోర్డంటారు. చలికాలంలో గదిలోని తేమ చల్లటి అద్దానికి తగిలి నీళ్లయి కారుతుంది. ఆ నీళ్లు గోడలోకి దిగకుండా ఈ చెక్క అడ్డుపడుతుంది. వడ్రంగిని పిలిస్తే గుమ్మం ఎక్కినందుకే బిల్లు వేస్తాడట. అందుకని తన ఇంట్లో నాలుగు కిటికీలకీ తనే బిగించుకుంది.

“వదినా, డబ్బు పంపనా? మంచి వడ్రంగిని పెట్టించు” అంది నేను సంగతి చెప్పగానే.

“డబ్బొద్దు. నువ్వెలా చేశావో చెప్పు” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. “అమ్మని నాలుగు నెలలు తీసుకొచ్చి పెట్టుకుందామంటే ఇక్కడి చలికి తట్టుకోలేదు వదినా” అంది, నేనడగని దానికి జవాబుగా. తర్వాత వెంటనే మేష్టారైపోయింది. “కాగితం తీసుకో. మొట్టమొదట వాన ఎక్కణ్ణించి లోపలికొస్తోందో చూడు. అది ఆపకుండా చెక్క వేస్తే చెక్క కుళ్లిపోతుంది.”

వాన సంగతి కొంచెం వివరంగా చెప్తాను. మీ ఇళ్లల్లోనూ ఇదే అయ్యుంటుంది. ఇప్పటి అల్యూమినియం స్లైడింగు కిటికీల కింద, రెక్కలు జారే గాడి ఉంటుంది. దాంట్లో పడ్డ నీళ్లు బయటికి పోవడానికి చిన్నచిన్న కంతలుంటాయి. దుమ్మూ, దోమల చెత్తా చేరి అవి పూడుకుపోతాయి. గాడి నిండి నీళ్లు గదిలోకి పొర్లుతాయి. మనమేమో గోడ కారుతోందని రంగులవాణ్ణి పిలుస్తాం! చీపురుపుల్లతో ఆ కంతలు పొడిచి చెంబెడు నీళ్లు పోసి చూశాను. బుడుంగుమని బయటికి పోయాయి. పాతికేళ్ల రోగానికి చీపురుపుల్ల వైద్యం. చట్రానికీ గోడకీ మధ్య సందుని సిలికాను పేస్టుతో మూసేశాను. ఊడిపోతున్న పెచ్చులు రాల్చి, కొత్త సిమెంటు చదునుగా మెత్తి, నాలుగురోజులు నీళ్లు చల్లి, ఆ తర్వాత వారంపైన ఎండనిచ్చాను. తడి సిమెంటు మీద చెక్క పెడితే తడి పీల్చుకుని వంగిపోతుంది.

ఇక చెక్క. ప్లైవుడ్డయితే వాననీటికి ఓర్చే ఐ.ఎస్. 710 రకం కొనమని ఆడపడుచు చెప్పింది గాని, ప్లైవుడ్డు అంచు చూస్తే నాకు సగం తిన్న పొరల కాజా గుర్తొస్తుంది. పాత ఇళ్లు పడగొట్టిన కలప అమ్మే దుకాణానికి వెళ్లాను. తలుపులూ, గడపలూ, దూలాలూ, స్తంభాలూ… ఎన్ని ఇళ్లో అక్కడ పేర్చి ఉన్నాయి. అయిదడుగుల టేకుచెక్క ఒకటి ఏరుకున్నాను. కలపని ఘనపుటడుగుల్లో కొలుస్తారని అక్కడే తెలిసింది. 52 అంగుళాల పొడవు, 9 వెడల్పు, 1 మందం కావాలంటే పావు ఘనపుటడుగు మీద రవ్వంత. లెక్కగట్టి చెప్పేసరికి దుకాణం అతను నన్ను ఎగాదిగా చూశాడు. నవలలు రాసేదాన్నని చెప్పలేదు లెండి.

చెక్క తెచ్చి హాల్లో గోడకి ఆనించాను. నల్లగా, దుమ్ముగొట్టుకుని, మేకుల కంతలతో ఉంది. “ఈ పేడుకా ఇంత హంగామా?” అన్నారు మావారు. “చేతులు జాగ్రత్త. పై నెలకి నవల మొదలుపెట్టాలని ఎడిటరుగారు అడుగుతున్నారు కూడాను.”

పొద్దున్నే లేచి వచ్చేసరికి అత్తయ్యగారు చెక్క ముందు పీట వేసుకు కూచుని ఉన్నారు. నాలుగు నెలల్లో ఆవిడ తన గది వదిలి తనంతట తాను హాల్లోకొచ్చి కూచోడం నేను చూడలేదు.

“ఇది తలుపుది కాదే అమ్మాయ్. అటక చెక్క” అన్నారు.

“మీకెలా తెలుసు?”

“ఒకపక్కే చిత్రిక పట్టారు చూడు. పైకి కనపడే పక్క అది. రెండోపక్క ఎవరు చూస్తారని గరుగ్గా వదిలేశారు. మేకులు చూడు, వరసగా రెండేసి. అవి దూలాల మీద కొట్టినవి. ఈ నలుపు దుమ్ము కాదు, పొగ. వంటింటి మీది అటక.” గోటితో గీరి వాసన చూశారు. “పొగ తాగిన చెక్కకి పురుగు పట్టదు. మంచిదే తెచ్చావు. ఇదిగో, ఈ అంచున రెండు వేళ్లమేర తెల్లగా ఉంది, అది మాత్రం తీసెయ్. చేవ లేదు.”

ఇంకాసేపు ఊరుకుని, “మనింటి చెక్కంతా ఏం చేశారు?” అన్నారు.

ఇల్లు కొన్నాయన లారీకెత్తి పంపించేశాడని మాకు తెలుసు. ఆవిడకి ఎవరమూ చెప్పలేదు. మావారు వంటింటి గుమ్మంలో ఆగిపోయారు. నేను చెప్పేశాను.

ఆవిడ చెక్కమీద చెయ్యి తియ్యలేదు. “ఎవరింట్లోనో పడుంటుందిలే. ఇది ఎవరింటిదో మనింటికి రాలేదూ?” అన్నారు. తర్వాత, “ముందు మేకులు తియ్యాలి. తలలు తెగి లోపల దాక్కునుంటాయి. రంపం పళ్లు పోతాయి” అన్నారు.

ఫ్రిజ్జు తలుపుకి అంటించే అయస్కాంతం బొమ్మ తీసి చెక్కంతా నడిపించాను. ఎక్కడ అంటుకుంటే అక్కడ మేకన్నమాట. ఏడు దొరికాయి. ఎనిమిదోది అత్తయ్యగారి వేలికి తగిలింది. అన్నీ పీకించి, వీధిచివర తలుపులు చేసే షెడ్డులో మిషను మీద చిత్రిక పట్టించాను. నల్లటి చెక్కలోంచి తేనెరంగు బయటపడింది. టేకు వాసన ఇల్లంతా.

కొలతల దగ్గర మా ఆడపడుచు మహా కచ్చితం. “ఒకచోట కొలవకు, మూడుచోట్ల కొలు” అంది. అద్దం దగ్గర 47¼ అంగుళాలు, మధ్యలో 47½, గదివైపు 48. అంటే రెండుపక్కల గోడలూ లోపలికి విచ్చుకుంటూ వచ్చాయి. మూలమట్టం పెట్టి చూస్తే ఒక్క మూలా మూలగా లేదు. మన మేస్త్రీలు కట్టిన గోడ ఏదీ తిన్నగా ఉండదు, చూడ్డానికి తిన్నగా ఉంటుందంతే. అందుకని పాత ఫ్రిజ్జు అట్టపెట్టె కోసి, గట్టు ఆకారానికి కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ అమర్చి, ఆ అట్టని చెక్కమీద పెట్టి గీత గీశాను. జాకెట్టు కుట్టేవాళ్లకిది కొత్తవిద్యేమీ కాదు. పాత జాకెట్టు పరిచి కొత్తగుడ్డ కత్తిరించడమే!

చెక్క గోడకన్నా కొంచెం ముందుకి రావాలి. ఎంత? గట్టు 6 అంగుళాలు, చెక్క 9, ముందుకి 3. మూడోవంతుకి మించి ముందుకొస్తే కింద ఇనప ఊతం పెట్టక తప్పదు. గదివైపు రెండు చివర్లా గోడమీదికి రెండేసి అంగుళాలు సాగి ఉండాలి, అప్పుడే నిండుగా ఉంటుంది. ఆ సాగినవాటిని ఇంగ్లీషువాళ్లు కొమ్ములంటారట. “కొమ్ములేమిటే, చెవులు!” అన్నారు అత్తయ్యగారు. చెవులే ఖాయమయ్యాయి.

సమంగా ఉందో లేదో చూడ్డానికి రసమట్టం కొన్నాను. గాజుగొట్టంలో పచ్చటి నీళ్లూ, దాంట్లో ఒక బుడగా. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని కదా, దీని పుట్టుక వెతక్కుండా ఉండలేకపోయాను. 1661లో మెల్కిసెదెక్ తేవనో అనే ఫ్రెంచి పండితుడు చేశాడట. అదే ఇంటిపేరుతో జాన్ ద తేవనో అనే యాత్రికుడు ఆ 1660లలోనే గోల్కొండ రాజ్యానికొచ్చి మన భాగ్యనగరం చూసి రాసిపోయాడు. ఈ సంగతి మావారికి చెప్తే, “బుడగ మధ్యలో ఉందా లేదా?” అన్నారు. ఉంది. అడ్డంగా సరిసమానం. లోపల్నించి ముందుకి మాత్రం వెంట్రుకవాసి వాలు ఉంచాను, నీళ్లు పడితే చట్రం దగ్గర నిలవకుండా.

డ్రిల్లింగు మిషను ఎదురుఫ్లాటువాళ్లది. గోడలో రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దిగ్గొట్టి, దాంట్లోకి మర బిగించాలి. ఈ ప్లగ్గుదీ ఒక కథ. 1910 ప్రాంతంలో లండన్లో బ్రిటిష్ మ్యూజియం గోడలు చెడకుండా కరెంటు సామాను బిగించాల్సివచ్చి, రాలింగ్స్ అనే కాంట్రాక్టరు జనపనారని జంతువుల రక్తంతో అతికించి గొట్టంలా చేశాడట. నైలాను ప్లగ్గుని 1958లో ఆర్టూర్ ఫిషర్ అనే జర్మన్ ఆయన కనిపెట్టాడు. “అంతకుముందు ఏం చేసేవాళ్లు?” అంది కాలేజీ నుంచొచ్చిన మా అమ్మాయి. “గోడ తొలిచి చెక్కదిమ్మ కొట్టేవాళ్లు. మీ తాతగారు రేడియో బల్లకి అట్లాగే కొట్టించారు” అన్నారు అత్తయ్యగారు, కిటికీ కింద పేపరు పొట్లం పట్టుకుని. గోడలోంచి రాలే ఎర్రదుమ్మంతా ఆ పొట్లంలోకి. ఆ ఉపాయం ఆవిడదే.

చెక్క పొడవునా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. వానాకాలం తలుపులు బిగుసుకుపోయేది అందుకే. కాబట్టి చెక్కలో రంధ్రాలు మరకన్నా కాస్త వదులుగా ఉండాలి. ఇది చెప్తే అత్తయ్యగారు, “మనమూ అంతేగా, ఒక వయసొచ్చాక పొడుగెదగం” అని నావైపూ తనవైపూ చూసుకున్నారు. నాలుగు మరలు. ఒక్కొక్కదాని తల పావంగుళం లోతుకి దించి, పైన అదే చెక్కతో చేసిన బిళ్ల ఫెవికాల్ పెట్టి అతికించాను. టేకుకి సహజంగా జిడ్డుంటుంది, థిన్నరుతో తుడిచి పెడితేగాని జిగురు పట్టదు. అడుగుభాగానికీ, గోడకి ఆనే అంచులకీ బిగించకముందే నూనె పట్టించేశాను. తర్వాత ఆ చోటికి చెయ్యి పోదు మరి.

పైభాగానికి వార్నిష్ వద్దన్నారు ఆవిడ, మెరుపు కళ్లల్లో పొడుస్తుందని. ఉప్పుకాగితంతో చారల వెంబడే రుద్ది, అవిసెనూనె రెండు చేతులు పట్టించాం. నేను రుద్దడం, ఆవిడ చేత్తో తడిమి “ఇక్కడింకా గరుగ్గా ఉంది” అనడం. ఒక జాగ్రత్త చెప్పాలి. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరెయ్యాలి. ఇంకొకటి, చిన్నపిల్లలున్న ఇంట్లో ఊచలు లేని కిటికీకి ఇలాంటి గట్టు వెయ్యకండి. వాళ్లకది మెట్టవుతుంది.

రెండురోజులు ఆరాక మంచాన్ని కిటికీ పక్కకి జరిపాం. మొదటిరోజు ఆవిడ దానిమీద ఏమీ పెట్టలేదు. నేనూ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున కాఫీ తీసుకెళ్తే కళ్లజోడు అక్కడుంది. మూడురోజులకి విభూతి బరిణె వచ్చింది. తర్వాత మందుల డబ్బా, సగం చదివి బోర్లించిన వారపత్రిక, ఎదురుఫ్లాటు పిల్ల ఇచ్చిన గన్నేరుపూలు ఒక మూతలో. జూన్ మూడో వారంలో రాత్రంతా జడివాన కురిసింది. తెల్లవారి నేను పరుగెత్తుకెళ్లి చూసేసరికి ఆవిడ అప్పటికే అరచేత్తో చెక్కంతా తడుముతున్నారు. “చుక్క లేదు” అన్నారు.

ఆదివారంనాడు ఫోనుని గట్టుమీద నిలబెట్టి కూతురితో మాట్లాడతారు. ఆ పిల్ల ముందు అమ్మ మొహం చూడదు. “వదినా, చెవులు చూపించు, అంచు చూపించు, బిళ్లలు తెలుస్తున్నాయా?” అని పరీక్ష. అత్తయ్యగారికి కూతురు వడ్రంగప్పని చేసుకుంటోందని తెలిసిపోయింది. ఒక వారం బాధపడ్డారు. ఇప్పుడు, “నీ చెక్క మందమెంత? ఇక్కడిది అంగుళం, టేకు!” అని పోటీకి దిగుతున్నారు. చెల్లెలి కొడుకు మొన్న మళ్లీ ఫోను చేశాడు. “దసరాకి మీరే రండిరా. పిల్లల్ని తీసుకురా” అన్నారు. మావారు పేపరు తిరగేసి పట్టుకుని వింటున్నారు.

నీలంసంచీ ఇంకా మంచం కిందే ఉంది. ఇప్పుడు దాంట్లో ఉప్పుకాగితాలూ, మిగిలిన మరలూ, రసమట్టమూ, అవిసెనూనె సీసా ఉన్నాయి. అడిగి తీసుకోవాలి.

నిన్న మధ్యాహ్నం నేను రాసుకుంటూంటే సంచీతో నా గదిలోకొచ్చారు. “నీ కిటికీకి ఎప్పుడు వేసుకుంటావు?” అన్నారు.

“నాకెందుకు అత్తయ్యగారూ, బల్లుందిగా.”

“బల్లనిండా కాగితాలేగా. కాఫీ ఎక్కడ పెట్టుకుంటావు? లే, టేపు ఆ కొస పట్టుకో.”

లేచి పట్టుకున్నాను. ఆవిడ రెండో కొస గోడకి అదిమి, కళ్లజోడు ముక్కుమీదికి దించి చూశారు.

“నలభై ఆరున్నర. రాసుకో. ఇంకా రెండుచోట్ల కొలవాలి.”